సోమలింగం

సండర్లాండ్ ఆసుపత్రి లాండ్రీలో
మడతబల్లకి అటు గ్లెండా, ఇటు నేను.
దుప్పటి నాలుగు కొసలూ మా చేతుల్లో.
దగ్గరికొస్తాం, కొసలు కలుపుతాం, దూరమవుతాం.
రోజుకి నాలుగు వందల అడ్డుతెరలు,
ఏ పెళ్లీ జరగదు.

ఆవిడ నన్ను ‘పెట్’ అంటుంది.
మొదటి ఏడాది, నేనేమైనా పెంపుడు పిల్లినా అని ఒళ్లు మండేది.
ఇప్పుడు అనకపోతే
ఒంట్లో బాలేదేమోనని ఆవిడ మొహం చూస్తాను.

శుక్రవారం శుక్రవారం చెరో పౌను పాతిక,
ఇద్దరికీ కలిపి ఒక్క టికెట్టు.
అంకెలు మారవు:
ఆవిడ విడాకుల తేదీ,
మా ఆయన నడిపిన ముప్పై ఆరో నంబరు బస్సు,
ఎప్పుడూ మొరాయించే మూడో డ్రయ్యరు,
నా చెప్పుల సైజు,
మిగతావి కళ్లు మూసుకుని వేలు పెట్టినవి.

నూట పన్నెండు మిలియన్లట ఈసారి.
మన కోట్లలోకి మార్చబోతే
సున్నాలు ఫోను తెరలో పట్టక పక్కకి జరిగాయి.

గ్లెండాకి గాడిదలు కావాలి.
ముసలివి, కుంటివి,
బీచిలో పిల్లల్ని మోసి మోసి నడుం వంగినవి.
వాటికో పచ్చిక, ఓ వెచ్చని కొట్టం.
అల్లుడికి మాత్రం పెన్నీ ఇవ్వదు.
నాకు?
తాలింపు వేస్తే కెవ్వుమనని అలారం ఉన్న వంటిల్లు.
ఎండుమిర్చి వేగుతుంటే
కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపక్కర్లేని బతుకు.
ఎడమ దవడపన్నుకి, ఏడాది ఆగమనని డాక్టరు.
ఇంకా, నేను పడుకున్న దుప్పటి
ఇంకెవరైనా మడతపెట్టాలి
అని, వెంటనే సిగ్గుపడ్డాను.
ఆ ఇంకెవరో అచ్చం నాలాగే ఉంది.

మార్చిలో గొడవైంది.
ఇక్కడికి కొత్త డ్రయ్యర్లు కొనిద్దామన్నాను.
‘నా సగంలోంచి కాదు’ అంది.
లేని డబ్బు, రాని సగం,
రెండు రోజులు మాటల్లేవు.
తలలు చెరోవైపు తిప్పుకున్నా
కొసలు మాత్రం కలుస్తూనే ఉన్నాయి.

మూడో రోజు నేనే అన్నాను,
మా వైపు ఓ మాటుంది:
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.
పెళ్లాం లేదు, కడుపూ లేదు, పేరు మాత్రం పెట్టేశాడని
నా వచ్చీరాని ఇంగ్లీషులో విడమరిస్తే
డ్రయ్యరు పట్టుకుని నవ్వింది, దగ్గొచ్చేదాకా.
అప్పట్నుంచీ ఆ డబ్బు పేరు అదే.
‘సోములింగమ్ ఎలా ఉన్నాడు, పెట్?’
పళ్లొస్తున్నాయి.
‘రాత్రి పడుకున్నాడా?’
నన్ను పడుకోనిచ్చాడా!

మొన్న టికెట్టు కొనే వంతు నాది.
సముద్రం మీంచి పొగమంచు, బస్సు ఆలస్యం,
కొట్టువాడు షట్టరు సగం దించేసి...
అదేం కాదు. మర్చిపోయాను. అంతే.
ఇంట్లో కోటు విప్పుతుంటే
ఆవిడ పౌను పాతిక
నా తాళంచెవుల మధ్య గలగలమంది.
ఎనిమిదవుతోంది. అమ్మకాలు ఆపేశారు.

ఇన్నేళ్లూ రావాలని మొక్కినదాన్ని
ఆ రాత్రి స్టవ్ ముందు చేతులు జోడించాను.
స్వామీ, ఈ ఒక్క వారం వాడు పుట్టకూడదు.
గాడిదలన్నీ కళ్లలో మెదిలాయి,
కొట్టం దాకా వచ్చి వానలో ఆగిపోయినట్టు.

మొదటి బంతి ముప్పై ఆరు.
మా ఆయన బ్రేకు తొక్కినట్టు
కూర్చున్న చోటే ముందుకి తూలాను.
రెండోది కాదు.
మూడోది కాదు.
తర్వాతవీ కాదు.
పొయ్యి మీద తాలింపు మాడింది, అలారం కెవ్వుమంది,
కుర్చీ ఎక్కి తువ్వాలు ఊపుతూ
ఓడిపోయినందుకు అంతసేపు ఎప్పుడూ నవ్వలేదు.

సోమవారం.
‘ఒకటి తగిలింది, చూశావా?
గుమ్మం దాకా వచ్చాడు కుర్రాడు’ అంది గ్లెండా.
వచ్చాడు, అన్నాను.

డ్రయ్యర్లోంచి తీసిన దుప్పటి ఇంకా వేడిగా ఉంది.
ఇద్దరం పైకెత్తి దులిపాం.
తెరకి అటు ఆవిడ మొహం కనపడదు.
చెప్పడానికి అదే అదను.
‘గ్లెండా!’
‘ఏంటి పెట్?’
‘గాడిదలకి పేర్లు పెట్టావా?’